ప్రళయం తర్వాత మర్యాదలు

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసాన్ని నెలకొల్పిన కుటుంబానికి, దీన్ని ఏటా నిలబెడుతున్న మాస్టారి శిష్యులకి కృతజ్ఞతలు. మాస్టారు పగలంతా కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, సెలవులొస్తే పరిషత్తు నాటక పోటీలకి న్యాయనిర్ణేతగా ఊళ్ళు తిరిగిన మనిషి. విషాద నాటికల రాతప్రతుల మీద ఆయన ఎర్రసిరాతో రాసే వ్యాఖ్య ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. "నవ్వెక్కడ?" అంతే, ఒక్క ముక్క. అప్పుల్లో మునిగిన రైతు కథయినా, పిల్లని పోగొట్టుకున్న తల్లి కథయినా అదే ప్రశ్న. రచయితలు మొహం మాడ్చుకుని వెళ్ళేవారు. మనిషి ఎంత కష్టంలో ఉన్నా మధ్యలో ఎక్కడో ఒకచోట నవ్వొచ్చే పని చేస్తాడనీ, అది కనిపెట్టని రచయిత ఆ కష్టాన్ని దగ్గరగా చూడలేదనీ ఆయన లెక్క.

ఆ ఎర్రసిరా పరీక్షకి నిలబడే ఒక టీవీ ఎపిసోడ్ గురించి ఇవాళ మాట్లాడతాను. స్మారకోపన్యాసంలో టీవీ ఏమిటని ముందు వరసలో పెద్దలు కొందరు అనుకోవచ్చు. రంగస్థలం మీద జీవితం గడిపిన మనిషి పేరిట మాట్లాడుతూ, ఈ కాలపు నాటకం ఎక్కడ ఆడుతోందో చూడకపోవడమే అపచారమని నాకనిపిస్తుంది.

ధారావాహిక పేరు 'ది లాస్ట్ ఆఫ్ అస్'. అమెరికాలో హెచ్‌బీఓ తీసింది. 2013లో వచ్చిన ఒక వీడియో గేమ్ దీనికి మూలం. ఆ గేమ్ సృష్టికర్త నీల్ డ్రక్‌మన్, రచయిత క్రెయిగ్ మేజిన్ కలిసి దాన్ని టీవీకి మలిచారు. నేను చెప్పబోయేది మూడో ఎపిసోడ్, 'లాంగ్, లాంగ్ టైమ్'. 2023 జనవరి 29న ప్రసారమైంది. రాసింది మేజిన్, దర్శకుడు పీటర్ హోర్. నిడివి గంటంబావు.

చూడనివాళ్ళ కోసం కథాభూమి రెండు ముక్కల్లో. చీమల ఒంట్లో చేరి, వాటిని తన ఇష్టం వచ్చినట్టు నడిపించే ఒక జాతి బూజు ప్రకృతిలో నిజంగానే ఉంది. అది మనుషులకి పడితే? 2003 సెప్టెంబరు చివర్లో పిండి, పంచదార లాంటి సరుకుల ద్వారా పాకి, నాలుగు రోజులు తిరక్కుండా లోకాన్ని కూల్చేస్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత, జోయెల్ అనే మొరటు మనిషి ఎల్లీ అనే పద్నాలుగేళ్ళ పిల్లని దేశం అడ్డంగా దాటించాలి. ఆ పిల్లకి ఈ రోగం అంటదు. ఇదీ పెద్ద కథ. మూడో ఎపిసోడ్ మాత్రం వీళ్ళిద్దరినీ గట్టు మీద కూర్చోబెట్టి, బిల్, ఫ్రాంక్ అనే మరో ఇద్దరి దగ్గరికి వెళ్ళిపోతుంది.

మేజిన్ అంతకుముందు ఏం రాశాడో తెలిస్తే ఈ ఎపిసోడ్ పనితనం సగం అర్థమవుతుంది. 2019లో 'చెర్నోబిల్' రాసి గంభీర రచయితగా పేరు తెచ్చుకోకముందు ఆయన ఏళ్ళ తరబడి రాసినవి వెకిలి హాస్యం సినిమాలు. 'స్కేరీ మూవీ' వరసలో రెండు, 'హ్యాంగోవర్' వరసలో రెండు. 'చెర్నోబిల్'లో ఒక దృశ్యం ఉంది. లేతరంగు సూటు నలగకుండా వేసుకొచ్చిన బొగ్గు శాఖ మంత్రి, గని కార్మికుల్ని అణు కేంద్రం కిందికి పంపడానికి వస్తాడు. చావుకి వెళుతున్నామని వాళ్ళకి అర్థమైపోతుంది. ఎదురు తిరగరు. ఒక్కొక్కరే ఆ మంత్రి పక్క నుంచి వెళుతూ, మసిచేతుల్తో ఆయన భుజం మీద, చెంప మీద ఆప్యాయంగా తట్టి వెళ్ళిపోతారు. అంతా అయ్యాక, ఇప్పుడు నిజంగా బొగ్గు మంత్రిలా ఉన్నావంటాడు ఒకడు. ఈ దృశ్యాన్ని మాస్టారికి చూపించాలని నాకు చాలాసార్లు అనిపించింది.

మనకొక సామెత ఉంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే, చుట్టకి నిప్పడిగాడట మరొకడు. చావు చుట్టూ పుట్టే హాస్యం చాలావరకు ఈ రెండోవాడిది. గట్టున నిలబడినవాడి నవ్వు, నొప్పి తగలనివాడి చమత్కారం. అది వినడానికి బావుంటుంది గానీ వెంటనే కాస్త సిగ్గేస్తుంది. మరి ఇల్లు కాలినవాడే కళ్ళు తుడుచుకుని, లేచి వెళ్ళి, ఆ నిప్పుతోనే చుట్ట ముట్టించుకుంటే? అప్పుడు మనం నవ్వాలో వద్దో తెలియక ఇబ్బంది పడతాం. ఈ ఎపిసోడ్ గంటంబావూ మనల్ని ఆ ఇబ్బందిలోనే ఉంచుతుంది.

బిల్ దగ్గర మొదలుపెడదాం. మసాచుసెట్స్ రాష్ట్రంలో లింకన్ అనే చిన్న ఊరు. బిల్ ఒంటరి. ప్రభుత్వాన్ని నమ్మడు, పొరుగువాణ్ణీ నమ్మడు. లోకం ఏదో ఒకరోజు కూలుతుందని నేలమాళిగ నిండా తుపాకులు, తిండి, మందుగుండు పోగేసుకున్న మనిషి. మన వీధుల్లో ఉంటే పిల్లలు పేరు పెట్టి ఏడిపించే బాపతు. సైన్యం వచ్చి ఊరంతటినీ లారీలెక్కిస్తుంటే అతను నేలమాళిగలో కెమెరా తెరల ముందు కూర్చుని చూస్తాడు. ఆఖరి లారీ వెళ్ళిపోయాక బయటికొచ్చి ఖాళీ వీధిలో నిలబడతాడు. మొహంలో భయం లేదు. సెలవులిచ్చిన రోజు పిల్లవాడి మొహంలా ఉంటుంది. దుకాణాలన్నీ అతనివే, సారా గోదాములూ అతనివే. ఊరి చుట్టూ కంచె వేసి ఉచ్చులు పన్నుతాడు. రాత్రి శ్రద్ధగా వండుకుని, పళ్ళెంలో అందంగా సర్దుకుని, వైన్ పోసుకుని, రోగం పట్టినవాడొకడు ఉచ్చులో పడి చావడాన్ని తెర మీద చూస్తూ భోంచేస్తాడు. ఎన్నిసార్లు చూసినా ఈ వినోదం పాతబడదని తనలో తాను అనుకుంటాడు.

మనం నవ్వుతాం. అయితే రచయిత ఈ నవ్వుకి ముందే మరో దృశ్యం చూపించి ఉన్నాడు. జోయెల్, ఎల్లీ అడవి దారిలో ఒక ఎముకల గుట్ట దాటతారు. శిబిరాల్లో చోటు లేక సైన్యం దారిలోనే కాల్చేసిన జనం వాళ్ళు. రోగం ఉన్నవాళ్ళు కారు. బతికుంటే రోగం తగిలించుకోవచ్చు గనక కాల్చేశారు. ఎముకల మధ్య ఒక గుడ్డముక్క మీద కెమెరా ఆగుతుంది. మరుక్షణం ఇరవై ఏళ్ళు వెనక్కి, ఆ గుడ్డలోనే పసిబిడ్డని చుట్టుకుని లారీ ఎక్కుతున్న తల్లి. అవి లింకన్ నుంచి బయల్దేరిన లారీలు. అంటే, ఊరంతా పిచ్చివాడనుకున్న బిల్ చెప్పిందే నిజమైంది. తర్వాతెప్పుడో ఫ్రాంక్‌తో గొడవలో, ప్రభుత్వంలో ఉన్నవాళ్ళంతా నాజీలని బిల్ అరిస్తే, ఇప్పుడు అవును, అప్పుడు కాదు కదా అని ఫ్రాంక్ అంతకన్నా గట్టిగా అరుస్తాడు. భార్యాభర్తలు మామిడికాయ పచ్చడిలో ఉప్పు గురించి పోట్లాడుకునే స్వరంలో వస్తుంది ఆ మాట.

బిల్‌గా వేసింది నిక్ ఆఫర్‌మన్. 'పార్క్స్ అండ్ రిక్రియేషన్' అనే హాస్య ధారావాహికలో, ప్రభుత్వోద్యోగం చేస్తూ ప్రభుత్వాన్నే అసహ్యించుకునే మీసాల పెద్దమనిషిగా అమెరికా జనానికి చిరపరిచితుడు. ఆ పాత్రే ప్రళయం దాటి వచ్చినట్టుంటాడు ఇక్కడ. ఈ వేషం ఒప్పుకోవాలా వద్దా అని ఆయన తటపటాయిస్తుంటే, భార్య మేగన్ ములాలీ స్క్రిప్టు చదివి, నువ్వు చేసి తీరాలని చెప్పిందట. ఆయనే చెప్పుకున్న సంగతిది. ఈ ఎపిసోడ్‌కి ఆయనకి ఎమ్మీ పురస్కారం వచ్చింది.

నాలుగేళ్ళకి బిల్ తవ్విన గోతిలో ఫ్రాంక్ పడతాడు. వేషం వేసింది మర్రే బార్ట్‌లెట్. బాల్టిమోర్ నుంచి పదిమంది బయల్దేరితే మిగిలింది అతనొక్కడే. బిల్ తుపాకీ గురిపెట్టే ఉంటాడు. రోగం లేదని తేలాక వెళ్ళిపొమ్మంటాడు. ఫ్రాంక్ ఆకలేస్తోందంటాడు. నీకు పెడితే నువ్వు కనబడినవాడికల్లా చెబుతావు, దారేపోయేవాళ్ళంతా భోజనానికి దిగుతారు, ఇదేమన్నా ఆర్బీస్ అనుకున్నావా అంటాడు బిల్. ఆర్బీస్ అమెరికాలో ఊరూరా ఉండే మాంసం శాండ్‌విచ్చుల దుకాణం. ఫ్రాంక్ నెమ్మదిగా సరిదిద్దుతాడు. ఆర్బీస్‌లో ఊరికే పెట్టేవారు కాదు, అది హోటలు కదా అని.

గోతిలోంచి లేచినవాడు, నుదుటికి తుపాకీ ఆనినవాడు, ఎప్పుడో మూతబడ్డ హోటల్ వ్యవహారంలో తప్పు దొర్లకూడదని పట్టుబట్టడం చూశారా? ఈ ఎపిసోడ్‌లో నవ్వంతా ఇలాగే పుడుతుంది. లోకం పోయింది, లోకంతో పాటు పోవాల్సిన పట్టింపులు మాత్రం పోలేదు. ఎవరూ అడగని, ఎవరూ చూడని చోట కూడా మనిషి మర్యాద పాటిస్తుంటాడు. అది వెర్రిగా ఉంటుంది గనక నవ్వొస్తుంది. ఇక ఆశ అనేది ఈ ఎపిసోడ్‌లో ఎక్కడుందని వెతికితే నాకు దొరికిన చోటూ అదే. మందు దొరుకుతుందన్న కబురు లేదు, ప్రభుత్వం మారదు, రోగం తగ్గదు. ఇద్దరూ చచ్చిపోతారు కూడా. పళ్ళెం ఎలా పెట్టాలన్న పట్టింపు మాత్రం చివరిదాకా ఉంటుంది.

పళ్ళెం అన్నాను గనక ఆ భోజనం దగ్గర కాసేపు ఆగుతాను. ఫ్రాంక్ వేణ్ణీళ్ళ స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని బల్ల దగ్గర కూర్చుంటాడు. బిల్ కుందేలు మాంసం వండాడు. పళ్ళెం అతని ముందు పెట్టి, వేళ్ళతో అంచు పట్టుకుని కొంచెం తిప్పుతాడు, మాంసం ముక్క తినేవాడి వైపు సరిగ్గా వచ్చేలా. పెద్ద హోటళ్ళలో వడ్డించేవాడి అలవాటది. పక్కన దానికి నప్పే బోజొలే వైన్. కుందేలుకి ఈ వైన్ జత చేయడం తెలిసిన మనిషివా అని ఫ్రాంక్ ఆశ్చర్యపోతే, నన్ను చూస్తే అలా కనబడనని తెలుసంటాడు బిల్. లేదు, కనబడతావంటాడు ఫ్రాంక్. ఆ మాటకి బిల్ చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నానా తంటాలు పడతాడు. నాలుగేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఎవరికీ చూపించే అవసరం లేకపోయినా అతను అలాగే వడ్డించుకుంటూ వచ్చాడన్నది మనం అంతకుముందే చూశాం. చూసి మెచ్చుకునేవాడు ఇప్పుడు వచ్చాడు.

తర్వాత పియానో. 1970లో లిండా రాన్‌స్టట్ పాడిన పాట, ఎపిసోడ్ పేరు దానిదే. ఫ్రాంక్ దాన్ని ఖూనీ చేస్తుంటే భరించలేక బిల్ ఆపమంటాడు. మంచి పాటని పాడు చేస్తుంటే ఊరుకోలేడు, అదీ పట్టింపే. తను కూర్చుని వాయించి, పాడి, బయటపడిపోతాడు. ఎపిసోడ్ ప్రసారమైన రాత్రి నుంచి ఆ పాట వినేవాళ్ళ సంఖ్య లోకమంతటా ఒక్కసారిగా పెరిగింది. ఆ గాయని మెదడుకి సంబంధించిన జబ్బు వల్ల అప్పటికి ఎన్నో ఏళ్ళుగా పాడలేని స్థితిలో ఉంది.

వాళ్ళిద్దరి కాపురం కథ మొత్తం చెప్పను, రెండు దృశ్యాలు చాలు. ఫ్రాంక్ వీధిలో దుకాణాలకి రంగులు వేయాలంటాడు, గడ్డి కత్తిరించాలంటాడు. ఎవరొస్తారని? స్నేహితులొస్తారు. మనకి స్నేహితులు లేరు, ఎప్పటికీ ఉండరంటాడు బిల్. అదేంటంటే, రేడియోలో ఒకావిడతో మాట్లాడుతున్నాను, మంచావిడలా ఉందంటాడు ఫ్రాంక్. టక్కున కట్. తోటలో బల్ల మీద తెల్లగుడ్డ, నలుగురు భోజనానికి కూర్చున్నారు. ఫ్రాంక్, ఆ రేడియో ఆవిడ టెస్, ఆమె జతగాడు జోయెల్ ఒకవైపు మాటల్లో ఉంటే, బిల్ అతిథి వైపు తుపాకీ పెట్టుకుని భోంచేస్తుంటాడు. సంభాషణ ఒక్కటి అక్కర్లేదు. హాస్యం సినిమాలు రాసి రాసి అరిగిపోయిన చెయ్యి మాత్రమే ఆ కట్ అక్కడ పెట్టగలదు.

రెండోది స్ట్రాబెర్రీలు. ఫ్రాంక్ ఒకరోజు బిల్‌ని తోటలోకి తీసుకెళ్ళి చిన్న మడి చూపిస్తాడు. విత్తనాలెక్కడివి? జోయెల్ వాళ్ళకి నీ తుపాకీ ఒకటి ఇచ్చి తీసుకున్నాను. బిల్‌కి గుండె ఆగినంత పనవుతుంది. ఏ తుపాకీ? చిన్నదేలే. బిల్ ఒక పండు నోట్లో పెట్టుకుంటాడు. అంత గడ్డం, అంత ఒళ్ళు ఉన్న మనిషి నోట్లోంచి కిచకిచమని ఆడపిల్ల నవ్వులాంటి నవ్వు బయటికొస్తుంది, ఆపుకోలేడు. ఏడుస్తూ కూడా ఉంటాడేమో, తెలియదు. నువ్వు రాకముందు నాకెప్పుడూ భయం లేదంటాడు. ఆ ఒక్క వాక్యం పక్కన పెడితే, ఆ దృశ్యం మొత్తం ఒక మగమనిషి పండు తిని నవ్వడం. ఆఫర్‌మన్‌కి బహుమతి ఆ నవ్వుకే ఇచ్చారని నా అనుమానం.

చూసినవాళ్ళు ఎక్కువమంది గమనించని లెక్క ఒకటి చెబుతాను. లింకన్ మసాచుసెట్స్‌లో ఉందన్నాను. స్వలింగ వివాహాన్ని అడ్డుకోవడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికాలో తీర్పు ఇచ్చి, దాన్ని అమలు చేసిన మొదటి రాష్ట్రం అదే. తీర్పు వచ్చిన తేదీ 2003 నవంబరు 18. పెళ్ళిళ్ళు మొదలైంది 2004 మే 17న. కథలో లింకన్ ఖాళీ అయిన తేదీ 2003 సెప్టెంబరు 30. సరిగ్గా ఏడు వారాల తేడా. అంటే బిల్, ఫ్రాంక్‌ల లోకంలో ఆ తీర్పు రానేలేదు. న్యాయస్థానం అనుమతించే ముందే లోకం అంతమైపోయింది. ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళు ఉంగరాలు మార్చుకునేటప్పుడు అభ్యంతరం చెప్పే న్యాయస్థానమూ మిగల్లేదు, సర్టిఫికెట్టు ఇచ్చే గుమాస్తా కూడా మిగల్లేదు. రచయిత ఈ విషయాన్ని ఎక్కడా నోరువిప్పి చెప్పడు. కావాలనే పెట్టాడో, గేమ్‌లోంచి వచ్చిన ఊరు గనక యాదృచ్ఛికమో, నాకు మాత్రం ఎపిసోడ్‌లోకెల్లా చేదు హాస్యం అదే. ఇది ప్రసారమైన 2023లోనే, అక్టోబరు 17న, మన సుప్రీంకోర్టు ఇలాంటి వివాహాలకి గుర్తింపు తానివ్వలేనని, అది చట్టసభల పని అని చెప్పింది. అన్నట్టు, ఈ ఎపిసోడ్‌కి ఇంటర్నెట్టులో గుంపులుగా వచ్చి ఒక్క నక్షత్రం ఇచ్చి పోయినవాళ్ళున్నారు. బూజు పట్టిన మనుషుల్ని భరించగలిగి, ఇద్దరు మగవాళ్ళు భోంచేయడం భరించలేకపోయారు.

ఇక ఆఖరి రోజు. ఫ్రాంక్‌కి నయంకాని జబ్బు. చక్రాల కుర్చీ, వణికే చేతులు, బొమ్మలు గీయలేడు. ఇవాళ్టితో చాలంటాడు. ఈ ఒక్కరోజు ఎలా గడవాలో చెబుతాడు. బట్టలు, పెళ్ళి, అదే కుందేలు, అదే వైన్, రాత్రికి గ్లాసులో మందు. బిల్ ఏడుస్తూనే అన్నీ చేస్తాడు. భోజనం దగ్గర పళ్ళెం అలాగే తిప్పి పెడతాడు. ఫ్రాంక్ గ్లాసు ఖాళీ చేశాక తనూ గటగటా తాగేస్తాడు. సీసాలో ముందే కలిపావా అని ఫ్రాంక్ అడిగితే, గుర్రాన్ని పడగొట్టేంత కలిపానంటాడు. ఫ్రాంక్ కోపం తెచ్చుకోవాలని చూస్తాడు. నిజానికి మండిపడాల్సింది గానీ, పక్కనుంచి చూస్తే ఇది మహా శృంగారంగా ఉందని ఒప్పుకుంటాడు.

ఇక్కడ నేను కాస్త అడ్డం తిరుగుతాను. జబ్బుపడ్డ పాత్రకి అందమైన చావునివ్వడం తెరకి అలవాటైపోయింది. చక్రాల కుర్చీలో పదేళ్ళు బతికే మనిషి కథ తీయడం కన్నా, చక్రాల కుర్చీలో ఆఖరి రోజు తీయడం తేలిక. దీపాలు, వయొలిన్లు సహకరిస్తాయి. వైకల్యంతో బతుకుతున్నవాళ్ళకి ఇలాంటి దృశ్యాలు చూస్తే కడుపు మండటంలో న్యాయముంది. ఫ్రాంక్ నిర్ణయాన్ని నేను ఒప్పుకుంటాను. అది అతని నోటితో, అతని లెక్కతో వచ్చింది, ఎవరికీ భారమయ్యానని అనడు. బిల్‌ది ఒప్పుకోలేను. ఒంట్లో రోగం లేని మనిషి, రాత్రి పడుకుని పొద్దున లేచి ఆ స్ట్రాబెర్రీ మడికి నీళ్ళు పోసి ఉంటే, అది ఇంతకన్నా కష్టమైన, ఇంతకన్నా గొప్ప ఎపిసోడ్ అయ్యేది. సానుభూతితో మనం ఏడుస్తుండగా రచయిత ఆ బరువు తప్పించుకున్నాడు. నువ్వే నా బతుక్కి అర్థం అన్న బిల్ మాట వినడానికి బాగుంది. ఆ మాట మీద ఒక మనిషి చచ్చిపోవచ్చా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న ఎపిసోడ్ అడగలేదు.

అయితే చావు తర్వాత వచ్చే ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం దగ్గర నా ఫిర్యాదులన్నీ మెత్తబడతాయని చెప్పక తప్పదు.

జోయెల్, ఎల్లీ ఆ ఇంటికి చేరేసరికి తోటలో పూలు వాడి ఉన్నాయి. బల్ల మీద కవరు. ఎవరికైనా సరే, బహుశా జోయెల్‌కి, అని పైన రాసుంది. ఎల్లీ చదువుతుంది. మొదటి మాట, దయచేసి పడగ్గదిలోకి రావద్దు. ఇల్లు కంపుకొట్టకుండా కిటికీ తెరిచి పెట్టాం, అయినా చూడ్డానికి బాగోదు. ఆ తర్వాత, ఇది చదువుతున్నది జోయెలే అయ్యుండాలి, ఎందుకంటే ఇంకెవడైనా అయితే నా ఉచ్చుల్లో కరెంటు కొట్టో, పేలిపోయో చచ్చుంటాడు. దాని పక్కనే హిహిహి అని వరసగా రాసి ఉంటుంది. ఎల్లీ ఆ నవ్వుని కూడా అక్షరం వదలకుండా చదువుతుంది. నువ్వంటే నాకెప్పుడూ పడదు, అయినా మనం స్నేహితుల్లాంటివాళ్ళమే అంటాడు.

చావబోయే మనిషి ఆఖరి సాయంత్రం కూర్చుని, తన శవం వాసన గురించి ముందే ఆలోచించి, వచ్చినవాడికి అసౌకర్యం కలగకూడదని కిటికీ తీసి, అందుకు క్షమాపణలాంటిది రాసి, మధ్యలో ఒక జోకు వేసి, నవ్వు శబ్దం కూడా కలం పట్టుకుని కాగితం మీద పెట్టాడు. మనవైపు 'చావు కబురు చల్లగా' అంటారు గానీ, చచ్చినవాడే స్వయంగా చల్లగా చెప్పడం అరుదు. మనుషులందరూ పోతే సంతోషించిన బిల్‌కి, ఎప్పుడో తలుపు తీయబోయే మనిషి ముక్కు గురించి పట్టింపు కలిగింది. అతను ఎంత మారాడో చెప్పడానికి ఎపిసోడ్‌లో ఇంతకుమించిన రుజువు లేదు. ఉత్తరం చివర్లో, మనలాంటివాళ్ళు ఉన్నది ఒక మనిషిని కాపాడ్డానికి, నువ్వు టెస్‌ని కాపాడుకో అని రాస్తాడు. ఎల్లీ ఆ పేరు దగ్గర చదవడం ఆపేస్తుంది. టెస్ కిందటి ఎపిసోడ్‌లోనే చచ్చిపోయింది. సలహా మంచిదే, చేరడం ఆలస్యమైంది.

మూల గేమ్‌లో ఉత్తరం ఉంది, కానీ అది ఫ్రాంక్ రాసింది. అక్కడ ఫ్రాంక్ బిల్‌ని వదిలిపోయి, ఒంటరిగా చచ్చిపోతూ, నువ్వంటే నాకసహ్యమని రాసి పెడతాడు. ఆటగాడు ఆ కాగితాన్ని బిల్ చేతికి ఇవ్వొచ్చు. అది కూడా నల్లటి హాస్యమే, కానీ అక్కడ ఇల్లు కాలినవాడి మీద మనం నవ్వుతాం. మేజిన్ ఉత్తరాన్ని రెండోవాడి చేతికిచ్చి, తిట్టుని ఆతిథ్యంగా మార్చాడు. మరో వింత, లింకన్ వీధిని సెట్టుగా వేసిన చోటు కెనడాలోని హై రివర్ అనే ఊరు. 2013 జూన్ వరదల్లో మునిగి, తర్వాత ఇళ్ళు కూల్చేసిన ఒక పేట తాలూకు ఖాళీ నేల. నిజంగా ఊరు పోయిన చోట, ఊరు పోయిన కథ కోసం ఒక ఊరు కట్టారు.

ఇలాంటి పట్టింపు ఒక్క రచయిత సొత్తు కాదు. ఎమిలీ సెంట్ జాన్ మాండెల్ నవల ఆధారంగా 2021 డిసెంబరులో మొదలైన మరో ప్రళయ ధారావాహిక 'స్టేషన్ ఎలెవెన్'లో జీవన్ చౌధరి అనే కుర్రాడు షికాగోలో 'కింగ్ లియర్' చూస్తుంటాడు. వేదిక మీద నటుడు కుప్పకూలగానే అందరికన్నా ముందు పరిగెత్తుకెళతాడు. వెళ్ళాక గానీ గుర్తురాదు, తను డాక్టరు కాదని, ఏం చేయాలో తెలియదని. తొమ్మిదో ఎపిసోడ్‌లో, తోడేలు కరిచిన కాలితో, పురిటాసుపత్రిగా మారిన ఒక పాత దుకాణంలో తేలతాడు. చుట్టూ ఒకేసారి నొప్పులొచ్చే గర్భిణులు. అక్కడ అతన్నే డాక్టరంటారు. మొదటి ఎపిసోడ్‌లో వేసిన పరిహాసం తొమ్మిదోదాంట్లో బిడ్డల ఏడుపై తిరిగొస్తుంది. ఆ ధారావాహికలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, ఆ దుకాణం మాత్రం నచ్చింది.

మన సంగతి? లోకం అంతమవుతుందంటే మనం ముందు నవ్వే జాతి. 2020లో, కాలజ్ఞానంలో బ్రహ్మంగారు ముందే చెప్పారంటూ ఒక పద్యం ఫోనుఫోనుకీ తిరిగింది, దాని మీద వెటకారాలు దానికన్నా వేగంగా తిరిగాయి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 'జాంబీ రెడ్డి' జాంబీల్ని తీసుకెళ్ళి కర్నూలు ఫ్యాక్షన్ పగల మధ్య వదిలింది. హాల్లో జనం పడి పడి నవ్వారు. అక్కడ నవ్వుంది. అంతమైన లోకంలో ఎవరింట్లోనో ఒక పూట భోజనం గురించి గంటంబావు మాట్లాడే ఓపిక మన తెర మీద ఇంకా రాలేదు. 'కల్కి 2898 ఏడీ' ఎడారైన కాశీని అంత ఖర్చుపెట్టి కట్టింది, అందులో ఒక వంటింట్లో మనల్ని కాసేపు కూర్చోనిచ్చి ఉంటే బాగుండేది.

ఈ ఎపిసోడ్ మీద ఎక్కువగా వినపడిన విమర్శ, కథ ముందుకి కదల్లేదని. పరిషత్తు భాషలో చెప్పాలంటే, ప్రధాన ఇతివృత్తానికి పనికిరాని అంకం. చూద్దాం. జోయెల్, ఎల్లీ ఆ ఇంట్లో వేణ్ణీళ్ళ స్నానం చేస్తారు, తిండి కట్టుకుంటారు, బిల్ ట్రక్కు తీసుకుంటారు. ఎల్లీ కారెక్కడం పుట్టాక అదే మొదటిసారి. అంతరిక్ష నౌకలా ఉందంటుంది. డొక్కు షెవర్లే అంటాడు జోయెల్. ఒక సొరుగులో దొరికిన తుపాకీని ఎల్లీ అతనికి చెప్పకుండా సంచిలో దాచుకుంటుంది. వారం తర్వాతి ఎపిసోడ్‌లో, కాన్సస్ సిటీలో ఒకడు జోయెల్ పీక నొక్కుతుంటే ఆ పిల్ల పేల్చేది ఆ తుపాకీనే. స్ట్రాబెర్రీల కోసం చిన్నదొకటి పోయినా, ఆ ఇంట్లో తుపాకులకి కరువు లేదు.

ఆ నాలుగో ఎపిసోడ్‌లో ఎల్లీ దగ్గర ఒక జోకుల పుస్తకం ఉంటుంది. దారంతా అందులోవి చదివి జోయెల్ ప్రాణం తోడేస్తుంది. అన్నీ ఏడుపుగొట్టు శ్లేషలు. అతను ఒక్కదానికీ నవ్వడు. ఆ రాత్రి ముప్ఫైకి పైగా అంతస్తులెక్కి, ఖాళీ గదిలో నేల మీద పడుకుంటారు. ఎవరైనా వస్తే చప్పుడవుతుందని జోయెల్ గుమ్మం దగ్గర గాజుపెంకులు పరుస్తాడు. ఏళ్ళ తరబడి తుపాకులు పేల్చి అతనికి ఒక చెవి సరిగ్గా వినపడదు. చీకట్లో ఎల్లీ ఆఖరిది విసురుతుంది. విరేచనాలు వంశపారంపర్యమట, జీన్స్‌లోంచి వస్తాయట. కాసేపు నిశ్శబ్దం. తర్వాత జోయెల్ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెడతాడు, ఎల్లీ కూడా. ఇరవై ఏళ్ళలో అతను అలా నవ్వడం మనం చూడటం అదే మొదలు. నవ్వి నవ్వి నిద్రపోతారు. తెల్లవారకముందే గాజుపెంకుల్ని దాటుకుని ఇద్దరు లోపలికొస్తారు, జోయెల్‌కి వినపడదు. కళ్ళు తెరిచేసరికి, మొహానికి ఎర్రరంగు ముసుగులా పూసుకున్న ఎనిమిదేళ్ళ పిల్లవాడు తుపాకీ గురిపెట్టి నిలబడి, చప్పుడు చేయొద్దని పెదాల మీద వేలు పెట్టి సైగ చేస్తుంటాడు. ఆ పిల్లవాడికి చెవులు బొత్తిగా వినపడవని తర్వాత తెలుస్తుంది.

ఆ కథ చెప్పాలంటే మరో గంట కావాలి. అధ్యక్షులవారు ఇప్పటికే గడియారం చూశారు.